గళమెవ్వరిది? పేరెవ్వరిది?

చాటుపద్యాలకు కర్తలను నిర్ణయించడంలో మన పండితులు ఎంత శ్రమించారో సాహిత్య విద్యార్థులు ఎరిగినదే. పద్యం నోటి నుండి నోటికి సాగిపోతూ కర్త పేరును జారవిడుస్తుంది, లేదా మరొక ప్రసిద్ధుని పేరును తగిలించుకొంటుంది. అచ్చు, ధ్వనిముద్రణ వచ్చాక ఈ చిక్కు తీరిపోయిందని అనుకొంటాము. అది భ్రమ అని తెలుపడానికి 1977లో బెల్జియంలో వెలువడిన ‘సా ప్లాన్ పూర్ మొవా’ అనే ఫ్రెంచి పాటను ఈ వ్యాసంలో పరిశీలిస్తున్నాము.

అప్పటికి లండన్‌లో ‘పంక్’ సంగీతం చెలరేగుతున్నది. సంస్కారయుతమైన గానాన్ని కాదని, వేగాన్నీ మొరటుదనాన్నీ వరించిన యువకుల సంగీతమది. ఆ ధోరణిని కొంత అనుకరిస్తూ, కొంత పరిహసిస్తూ ఈ పాట పుట్టింది. రికార్డుపై ఉన్న పేరు ‘ప్లాస్టిక్ బెర్ట్రాండ్’. ఆ పేరు ధరించినవాడు బ్రస్సెల్స్‌కు చెందిన రోజె జూరే అనే యువకుడు, వృత్తిరీత్యా డ్రమ్ము వాయిద్యగాడు. పాట 1978లో బ్రిటిష్ జాబితాలో 8వ స్థానానికి చేరింది. జూరే దేశదేశాల వేదికలపై, టెలివిజన్ తెరలపై దానిని ప్రదర్శించి కీర్తి గడించాడు.

ఇక కర్తృత్వ విచారణ. ఇక్కడ ప్రశ్న ఒకటి కాదు, నాలుగు. సాహిత్యమెవరిది? ఇవ్ లాకోంబ్లేది. బాణీ ఎవరిది? రికార్డు నిర్మాత లూ దెప్రైక్‌ది. ముఖమెవరిది? జూరేది. కంఠమెవరిది? వివాదమంతా ఈ నాలుగవ ప్రశ్న చుట్టూ తిరిగింది. దీనికి తోడు మరొక ముడి ఉన్నది. అదే వాద్యసంగీతంపై ఎల్టన్ మోటెల్లో అనే మారుపేరుతో అలన్ వార్డ్ అనే ఆంగ్లేయుడు తన సొంత ఆంగ్ల సాహిత్యాన్ని పాడి ‘జెట్ బాయ్, జెట్ గర్ల్’ను వెలువరించాడు. బాణీ ఒకటే అయినా అది ఫ్రెంచి పాటకు అనువాదం కాదు, భావం వేరు.

పాడినది తానేనని దెప్రైక్ వాదించాడు. 2006లో బ్రస్సెల్స్ అప్పీలు న్యాయస్థానం చట్టం దృష్టిలో గాయకుడు జూరేయేనని తీర్పునిచ్చింది. అయితే 2010లో మరొక వ్యాజ్యంలో నిపుణుల నివేదిక న్యాయస్థానం ముందుకు వచ్చింది. మూల ధ్వనిముద్రణను దెప్రైక్ 2006లో పాడిన దానితో పోల్చి చూశారు. వాక్యాల చివర పలుకుబడిలో పికార్డ్ ప్రాంతపు యాస వినబడుతున్నదని నిపుణులు తేల్చారు. దెప్రైక్ స్వస్థలమైన లెసీన్ ఆ మాండలిక సీమలోనిదే. జూరే బ్రస్సెల్స్ వాడు. ఆ జూలై మాసంలోనే, స్వరం తనది కాదని జూరే చెప్పినట్లు ‘లె సొర్’ పత్రిక ప్రచురించింది. దెప్రైక్ 2023లో కన్నుమూశాడు.

దీనినుండి విద్యార్థులు గ్రహింపదగినది ఏమి? రికార్డుపై అచ్చయిన పేరు, న్యాయస్థానపు తీర్పు, భాషావేత్త చెవి అనే మూడు సాక్ష్యాలు మూడు వేర్వేరు ప్రశ్నలకు సమాధానాలు. పేరు ఎవరిని అమ్మజూపారో చెబుతుంది. తీర్పు హక్కు ఎవరిదో చెబుతుంది. యాస మాత్రమే నోరు ఎవరిదో చెబుతుంది. ఒక ప్రశ్నకు వచ్చిన జవాబును మరొక దానికి అంటగట్టినప్పుడే సత్యం చిక్కుపడుతుంది.

ఒకరి గళానికి మరొకరు పెదవి కదపడం దోషమని మేము అనబోము. ఘంటసాల పాటకు రామారావు అభినయిస్తే మన ప్రేక్షకులలో మోసపోయినవారు లేరు. నేపథ్య గాయకుని పేరు తెరపైన, రికార్డుపైన వెలుగుతూనే ఉండేది. గజల్ చివరి షేర్‌లో కవి తన తఖల్లుస్‌ను పొదగడంలోని ఔచిత్యమూ ఇదే. గళాన్ని అరువివ్వవచ్చు, ఇచ్చినవాని పేరును దాచరాదు. పాట ఆనందం శ్రోతలందరిదీ కావచ్చు గాని, శ్రమ మాత్రం శ్రమించినవానిదే.