పాత ఆల్విన్ ఫ్రిజ్ బాగుచేసి అమ్మాలంటే

జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం ప్రాంతాల ఫ్రిజ్ మెకానిక్‌లకు ఎండాకాలంలో అన్నం తినే తీరిక కూడా ఉండదు. వానలు పడ్డాక పని తగ్గిపోతుంది. ఆ ఖాళీ నెలల్లో చేసుకోదగ్గ పని ఒకటుంది: ముప్ఫై, నలభై ఏళ్ల నాటి ఫ్రిజ్‌లను వెతికి, బాగుచేసి అమ్మడం. పాత సామానుతో హోటల్‌ని అలంకరించుకునేవాళ్లు, వెనకటి కాలం కథలు తీసే సినిమావాళ్లు, అమ్మ సారెలో తెచ్చుకున్న ఫ్రిజ్‌ని పారేయలేక దాచుకున్న కుటుంబాలు దీనికి గిరాకీ.

ఇందులో లాభమా నష్టమా అన్నది కొనేటప్పుడే తేలిపోతుంది. రిపేరుకి అలవాటుపడ్డ కన్ను ముందు కంప్రెసర్ మీదికి పోతుంది. ఈ పనిలో మాత్రం ముందు చూడాల్సింది బాడీని. కంప్రెసర్ కొత్తది బజారులో దొరుకుతుంది. ఆ కాలపు తలుపు, హ్యాండిల్, ముందున్న పేరు బిళ్ల మాత్రం ఎంత డబ్బు పెట్టినా దొరకడం కష్టం.

ఏది, ఎక్కడ వెతకాలి

తెలుగు ఇళ్లకు బాగా తెలిసిన పేరు ఆల్విన్. నిజాం ప్రభుత్వ పారిశ్రామిక నిధి, అల్లాఉద్దీన్ కంపెనీ కలిసి 1942లో హైదరాబాద్‌లో పెట్టిన సంస్థ అది. బస్సు బాడీలు, చేతి గడియారాలతో పాటు ఫ్రిజ్‌లూ తయారుచేసింది. కడప జిల్లా నందలూరులోనూ దాని ఫ్యాక్టరీ ఉండేది. 1990లలో ఫ్రిజ్‌ల విభాగం వోల్టాస్ చేతికి వెళ్లింది. 1958లో ఫ్రిజ్‌ల తయారీ మొదలుపెట్టిన గోద్రెజ్, ఆ తర్వాత వచ్చిన కెల్వినేటర్ పాత మోడళ్లు కూడా కొనదగ్గవే.

ఏలూరు, తాడేపల్లిగూడెం పాత ఇనుప సామాను కొట్లవాళ్లకు ముందే చెప్పి ఉంచండి. వాళ్ల చేతికి వచ్చాక తలుపు ఊడదీయడానికి ఎంతోసేపు పట్టదు. పెంకుటిల్లు పడగొట్టి డాబా వేస్తున్నారని తెలిస్తే వెళ్లి అడగండి. కైకలూరు, ఆకివీడు వంటి కొల్లేటి ఊళ్లలో తేమ ఎక్కువ కాబట్టి అక్కడి ఫ్రిజ్ అడుగు రేకును మరింత జాగ్రత్తగా చూడాలి. మెట్ట ఊళ్లలో రేకు కొంత మెరుగ్గా నిలుస్తుంది.

పాడైన ఫ్రిజ్‌ని మన రైతులు బీరువాలా వాడుకుంటారు. అందులో విత్తనాలు, కాగితాలు పెట్టుంటే ఫర్వాలేదు. పురుగుమందు డబ్బాలు పెట్టారేమో తప్పక అడగండి. పెట్టి ఉంటే దాన్ని తిండి పెట్టుకునే ఫ్రిజ్‌గా ఎవరికీ అమ్మకూడదు.

కొనే ముందు పరీక్ష

అడుగు రేకును, తలుపు కింది అంచును బొటనవేలితో గట్టిగా నొక్కండి. రేకు లోపలికి పోతే వదిలేయండి. పక్క గోడలు తట్టి చూడండి. బాగా పాత మోడళ్లలో పఫ్‌కి బదులు గ్లాస్ ఊల్ ఉంటుంది. అది నీళ్లు పీల్చి ఉంటే మొత్తం మార్చాల్సిందే.

తర్వాత ఫ్రీజర్ ప్లేటు. ఐసు గడ్డ ఊడదీయడానికి చాకుతో పొడవడం మన ఇళ్లలో మామూలే. ప్లేటు మీద గీత, దాని చుట్టూ జిడ్డు మరక కనిపిస్తే గ్యాస్ అక్కడి నుంచే పోయింది. అల్యూమినియం ప్లేటు అతుకు నమ్మకంగా నిలవదు. ఆ ఖర్చు లెక్కేసుకునే బేరం ఆడండి.

కంప్రెసర్ మూడు పిన్నుల మధ్య మల్టీమీటర్ పెట్టండి. స్టార్ట్‌కీ రన్‌కీ మధ్య వచ్చే ఓమ్స్, మిగతా రెండు రీడింగుల మొత్తానికి సమానంగా ఉండాలి. ఏ పిన్ను నుంచీ బాడీకి కంటిన్యుటీ రాకూడదు.

గ్యాస్ దగ్గర తొందర వద్దు

ఆనాటి ఫ్రిజ్‌లో ఉండేది ఆర్-12. ఓజోన్ పొరను దెబ్బతీస్తుందని 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం కింద ప్రపంచమంతా దాన్ని ఆపుకుంటూ వచ్చింది. మన దేశం 1992లో ఆ ఒప్పందంలో చేరింది. లైన్‌లో మిగిలిన గ్యాస్‌ని గాలిలోకి వదలకండి, రికవరీ మెషీన్‌తో సిలిండర్‌లోకి లాగండి. ఆ గ్యాస్ ఉండగా మంట పెడితే ఊపిరితిత్తులను కాల్చే విషవాయువులు పుడతాయి.

పాత కంప్రెసర్‌లోనే ఆర్-134ఎ నింపేయడం తప్పు. ఆ గ్యాస్ పాత మినరల్ ఆయిల్‌తో కలవదు. లైన్లు ఫ్లష్ చేసి, ఆర్-134ఎ కంప్రెసర్, దానికి సరిపడే కేపిలరీ, కొత్త ఫిల్టర్ వేయాలి. ఇప్పటి ఫ్రిజ్‌లలో వచ్చే ఆర్-600ఎ మండే గ్యాస్. పాత ఫ్రిజ్ లోపలున్న థర్మోస్టాట్, బల్బు స్విచ్ నిప్పురవ్వ పుట్టించగలవు. అందుకే పాత బాడీలో దాన్ని వాడకపోవడమే క్షేమం.

లీకేజీ పరీక్షకి రెగ్యులేటర్ పెట్టి నైట్రోజనే వాడండి. ఆక్సిజన్ ఎక్కించారంటే లోపలి ఆయిల్‌తో కలిసి పేలుతుంది, ప్రాణం పోతుంది. రాగికి రాగి అతకడానికి ఫాస్ఫరస్ ఉన్న రాడ్ సరిపోతుంది. రాగికి ఇనుము అతికేటప్పుడు ఫ్లక్స్‌తో సిల్వర్ రాడ్ వాడకపోతే అతుకు పెళుసుగా విరుగుతుంది. పాత కంప్రెసర్‌తో వాక్యూమ్ లాగే అలవాటు మానుకుని మంచి వాక్యూమ్ పంపు కొనండి. లోపల మిగిలిన తేమ కేపిలరీ చివర గడ్డకట్టి కూలింగ్‌ని ఆపేస్తుంది.

కరెంటు, రంగు, తలుపు

పాత రబ్బరు వైర్లు ముట్టుకుంటే పొడిగా రాలిపోతాయి. వైరింగ్ మొత్తం మార్చి, బాడీకి ఎర్తింగ్ ఇచ్చి, మూడు పిన్నుల ప్లగ్ పెట్టండి. పాత రంగులో సీసం ఉండొచ్చు. మాస్కు పెట్టుకుని, నీళ్లు తడుపుతూ ఎమరీ రుద్దండి. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

గొళ్లెంతో మూసుకునే తలుపున్న మోడల్ అయితే ఇంకా జాగ్రత్త. లోపల చిక్కుకున్న పిల్లలు దాన్ని తెరవలేరు. ఇలా పిల్లలు చనిపోతుంటే అమెరికా 1956లో చట్టమే చేసింది. షాపులో ఉన్నన్నాళ్లూ ఆ తలుపు ఊడదీసి ఉంచండి. అమ్మేటప్పుడు గొళ్లెం తీసేసి అయస్కాంతం గ్యాస్కెట్ పెట్టండి. పని పూర్తయ్యాక తలుపు సందులో కాగితం పెట్టి చుట్టూ లాగి చూడండి. తేలిగ్గా వచ్చిన చోట గ్యాస్కెట్ సరిగా పట్టలేదన్నమాట.

అమ్మకం, చదువు, పెట్టుబడి

కొన్న ధర, ఆటో కిరాయి, కంప్రెసర్, గ్యాస్, రంగు, మీ కూలి రోజులు, అన్నీ ఒక పుస్తకంలో రాసుకున్నాకే ధర చెప్పండి. ఎనర్జీ మీటర్ పెట్టి ఒక రోజంతా నడిపి, ఎన్ని యూనిట్లు కాలాయో కొనేవాళ్లకు చూపించండి. ఏ పార్టు పాతది, ఏది కొత్తది, ఏ గ్యాస్ నింపారు, ఎంత నింపారు అన్నది బిల్లు మీద రాయండి, ఫ్రిజ్ వెనక స్టిక్కర్ అంటించండి. తర్వాత తెరిచే మెకానిక్ ప్రాణానికి అదే రక్ష.

కొత్తగా వచ్చే కుర్రాళ్లు పదో తరగతి తర్వాత ఐటీఐలో రెండేళ్ల రిఫ్రిజిరేషన్, ఏసీ టెక్నీషియన్ కోర్సు చేయవచ్చు. అనుభవం మాత్రమే ఉన్నవాళ్లు సర్టిఫికెట్ కూడా తీసుకోవడం మంచిది. 2019 నాటి జాతీయ కూలింగ్ కార్యాచరణ ప్రణాళిక లక్ష మంది టెక్నీషియన్లకు శిక్షణ, సర్టిఫికెట్ ఇవ్వాలని లక్ష్యం పెట్టుకుంది. పనిముట్లకు డబ్బు చాలకపోతే ముద్ర పథకం శిశు విభాగంలో 50,000 రూపాయల దాకా అప్పుకు బ్యాంకులో అడగండి.

మొదటి ఏడాది ఒక్క ఫ్రిజ్‌తో సరిపెట్టుకోండి. దాన్ని పద్ధతిగా చేసి, ఉన్నదున్నట్టు చెప్పి అమ్మండి. రెండో ఫ్రిజ్‌కి గిరాకీ ఆ ఇంటి నుంచే వస్తుంది.