విశాఖలో కట్టిన ఓడలు

విశాఖపట్నం మనకు దూరం కాదు. శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో బస్సెక్కితే పూటలో చేరిపోతాం. మన ఊళ్ల నుంచి చాలామంది అక్కడికి పనికి పోతారు. అక్కడ ఓడలు కట్టే పని ఉంది. చేపల పడవలు కాదు. వేల టన్నుల బరువుండే ఇనుప ఓడలు. నౌకాదళం కోసం కట్టే ఓడలు కూడా ఉన్నాయి. నౌకాదళం అంటే సముద్రాన్ని కాపలా కాసే సైన్యం.

మన కేంద్రంలో ఒక అప్ప అడిగింది: "ఏటమ్మా, చిన్న మేకు నీటిలో ఏస్తే మునిగిపోద్ది గదా. మరంత ఇనుము ఎలగ తేల్తాది?"

నూతిలో బిందెను గుర్తు తెచ్చుకోండి. ఖాళీ బిందె నీటి మీద తేలుతుంది. వంచి నీళ్లు పట్టిస్తేనే మునుగుతుంది. బిందె బరువైనదే. కానీ లోపల ఖాళీ ఉంది. అది నీటిని పక్కకు తోసి చోటు చేసుకుంటుంది. తోసిన నీటి బరువూ, బిందె బరువూ సమానం అయ్యేదాకా కిందికి దిగుతుంది. అక్కడ ఆగుతుంది. ఓడ కూడా అంతే. పెద్ద బిందె అనుకోండి.

నీటి లోపల తిరిగే ఓడ ఒకటి ఉంది. దాన్ని జలాంతర్గామి అంటారు. అది మునగాలంటే తొట్లలోకి నీళ్లు నింపుకుంటుంది. తేలాలంటే ఆ నీళ్లను గాలితో బయటికి నెట్టేస్తుంది. విశాఖ బీచిలో కురుసుర అనే జలాంతర్గామిని ఒడ్డుకు చేర్చి పెట్టారు. 2002 నుంచి అది మ్యూజియం. టికెట్టు కొని లోపలికి వెళ్లి చూడవచ్చు. లోపల ఎంత ఇరుకో చూస్తే గాని తెలియదు.

ఈ కురుసుర మనం కట్టింది కాదు. 1969లో సోవియట్ యూనియన్ నుంచి తీసుకున్నది. అప్పట్లో మన పెద్ద యుద్ధ ఓడలు చాలావరకు పై దేశాలవే.

1971 డిసెంబరులో పాకిస్తాన్‌తో యుద్ధం జరిగింది. విక్రాంత్ అనే మన పెద్ద ఓడను వెతుకుతూ గాజీ అనే పాకిస్తాన్ జలాంతర్గామి విశాఖ దాకా వచ్చింది. డిసెంబరు 3 రాత్రి తెల్లవారేలోగా అది విశాఖ రేవు దగ్గర మునిగిపోయింది. అందులో ఉన్న 90 మందికి పైగా చనిపోయారు. వాళ్లూ తల్లులు కన్న బిడ్డలే. గాజీని కట్టింది అమెరికా. అది వెతికిన విక్రాంత్‌ను కట్టింది ఇంగ్లండు. కొట్టుకున్నది మనం, ఓడలు మాత్రం ఇంకొకరివి!

కొనుక్కుంటే ఏం నష్టం? మన ఊరి బోరింగు చూడండి. వాషరు పోతే ఆ సైజు వాషరే కావాలి. అమ్మే దుకాణం మూసేస్తే బిందెలు పట్టుకుని ఎక్కడికి పోతాం? 1991లో సోవియట్ యూనియన్ ముక్కలైంది. అక్కడి నుంచి వచ్చిన ఓడలకు విడిభాగాలు దొరకడం కష్టమైంది. సొంతంగా కట్టడం నేర్చుకోవాలన్న మాటకు బలం వచ్చింది.

విశాఖలో ఆ నేర్పు అంతకుముందే మొదలైంది. 1941లో సింధియా కంపెనీ అక్కడ ఓడల కార్ఖానాకు పునాది వేసింది. ఆ చోటును జనం ఇప్పటికీ సింధియా అనే పిలుస్తారు. అక్కడ కట్టిన జల ఉష అనే సరుకు ఓడను 1948 మార్చి 14న నెహ్రూ నీటిలోకి దింపారు. 1952లో అది హిందుస్థాన్ షిప్‌యార్డ్ అయింది. 2010లో రక్షణ శాఖ కిందికి వచ్చింది. ఇప్పటికి 200కు పైగా ఓడలు కట్టింది.

విశాఖలోనే వేరే కేంద్రంలో అరిహంత్ అనే జలాంతర్గామిని కట్టారు. అణుశక్తితో నడుస్తుంది. 2009 జులై 26న అప్పటి ప్రధాని భార్య గురుశరణ్ కౌర్ కొబ్బరికాయ కొట్టి దాన్ని ప్రారంభించారు. కొత్త పడవకు మన ఊళ్లలోనూ కొబ్బరికాయే కొడతాం కదా! అయితే అది నౌకాదళంలో చేరేసరికి 2016 వచ్చింది.

ఇలాంటి పని తొందరగా తెమలదు. షిప్‌యార్డ్‌కు 2006లో మరమ్మతుకు వచ్చిన సింధుకీర్తి అనే జలాంతర్గామి 2015లో గాని బయటపడలేదు. తొమ్మిదేళ్లు! ఆలస్యమైన కొద్దీ ఖర్చు పెరుగుతుంది. ఆ డబ్బు మన పన్నుల్లోదే. మనం కొనే సబ్బు మీద కూడా పన్ను ఉంది.

మంచి జరిగిన సంగతీ చెప్పాలి. పూర్వం నిస్తార్ అనే ఓడ ఉండేది. మునిగిన జలాంతర్గాముల్లో చిక్కిన వారిని కాపాడడం దాని పని. అదీ సోవియట్ నుంచి వచ్చిందే. అదే పేరుతో, అదే పనికి కొత్త ఓడను హిందుస్థాన్ షిప్‌యార్డ్ కట్టింది. 2025 జులై 18న విశాఖలో నౌకాదళంలో చేరింది. దాని సాయంతో డైవర్లు 300 మీటర్ల లోతుకు దిగగలరు.

ఇంకో 5 పెద్ద ఓడలకు 2023లో ఒప్పందం అయింది. సుమారు 19,000 కోట్ల రూపాయలు. ఇవి నడి సముద్రంలో ఉన్న యుద్ధ ఓడలకు నూనె, నీళ్లు, తిండి సరుకులు, మందుగుండు మోసుకుపోతాయి. పొలానికి క్యారేజీ పట్టుకెళ్లినట్టే! "అంత డబ్బుతో ఎన్ని ఆస్పత్రులు అవుతాయో" అంది ఇంకో అప్ప. ఆ లెక్క అడగడం తప్పు కాదు. నాకైతే, కట్టక తప్పదంటే ఆ కూలి ఇక్కడి వెల్డర్లకు, ఫిట్టర్లకు అందడం మేలు అనిపిస్తుంది.

కానీ ఆ పనిలో ప్రమాదం ఉంది. 2020 ఆగస్టు 1న షిప్‌యార్డ్‌లో పెద్ద క్రేన్ కూలింది. 11 మంది చనిపోయారు. వారిలో కాంట్రాక్టు పనివారు కూడా ఉన్నారు. మీ గుంటడు ఇలాంటి పనికి వెళ్తే గేటు పాసు తెమ్మనండి. మీరే చదవండి. ఏ కాంట్రాక్టరు పేరు ఉంది? పి.ఎఫ్. నంబరు, ఈ.ఎస్.ఐ. నంబరు ఉన్నాయా? కాగితం మీద రాసి ఇంట్లో దాచండి.

మాట్లాడుకోండి:
మీ వీధి నుంచి విశాఖకు ఎవరెవరు పనికి వెళ్లారు? ఏ పని చేస్తున్నారు?
బరువైనవే అయినా నీటిలో తేలేవి మూడు చెప్పండి.
19,000 అంకెల్లో రాయండి. తర్వాత అక్షరాల్లో రాయండి.