నైట్రస్ కిట్: తడి పద్ధతా, పొడి పద్ధతా?



2001లో విడుదలైన 'ద ఫాస్ట్ అండ్ ద ఫ్యూరియస్' సినిమా, దాని తర్వాతి భాగాలు మీలో చాలామంది టీవీలోనో, సెల్‌ఫోన్‌లోనో చూసే ఉంటారు. హీరో బటన్ నొక్కగానే కారు బాణంలా దూసుకుపోతుంది. సెలవులకు అమ్రాబాద్ వచ్చి హాస్టల్‌లో అడుగు పెట్టిన ప్రతిసారీ "అన్నా, ఆ గ్యాస్ మన కార్లకు పెట్టొచ్చా? తడి కిట్టు మంచిదా, పొడి కిట్టు మంచిదా?" అని ఎవరో ఒకరు అడుగుతున్నారు. మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసినవాళ్ళలో నేనే మొదటివాణ్ణి. ఇప్పుడు ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్నాను. మీ ప్రశ్నకు జవాబు పదో తరగతి రసాయన శాస్త్రంలోనే ఉంది. అదెలాగో చూద్దాం.

నైట్రస్ ఆక్సైడ్ అంటే ఏమిటి?

రెండు నైట్రోజన్ పరమాణువులు, ఒక ఆక్సిజన్ పరమాణువు కలిస్తే ఒక నైట్రస్ ఆక్సైడ్ అణువు. 1772లో జోసెఫ్ ప్రీస్ట్లీ దీన్ని తయారు చేశాడు. దీని మత్తు గుణాన్ని హంఫ్రీ డేవీ తన మీద తానే పరీక్షించుకుని 1800లో పుస్తకం రాశాడు. 'నవ్వించే వాయువు' అనే పేరు అప్పటిదే. ఆసుపత్రుల్లో ఆపరేషన్ థియేటర్లో కనిపించే నీలిరంగు సిలిండర్‌లో ఉండేది ఇదే. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు దీన్ని విమాన ఇంజన్లకు వాడారు. చాలా ఎత్తులో గాలి పలుచగా ఉంటుంది కాబట్టి ఆక్సిజన్ కొరత తీర్చడానికి ఈ వాయువును ఇంజన్‌లోకి వదిలేవారు.

ఇక్కడ ఒక అపోహ తొలగించుకోవాలి. నైట్రస్ ఇంధనం కాదు. ఆటోలకు బిగించే గ్యాస్ కిట్‌లో గ్యాసే మండుతుంది. నైట్రస్ మాత్రం తాను మండదు, పెట్రోలును మండిస్తుంది. కమ్మరి కొలిమిని గుర్తు చేసుకోండి. తిత్తి ఊదితే నిప్పు రాజుకుంటుంది. కాని మండేది బొగ్గు, తిత్తి కాదు. నైట్రస్ అంటే ఇంజన్‌కు పెద్ద తిత్తి అన్నమాట.

ఒక చిన్న లెక్క

నైట్రస్ ఆక్సైడ్ అణుభారం 44. అందులో ఆక్సిజన్ 16. అంటే బరువులో 36.4 శాతం ఆక్సిజన్. మామూలు గాలిలో అది సుమారు 23 శాతమే. సుమారు 300 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఈ అణువు విడిపోవడం మొదలవుతుంది. సిలిండర్‌లోని మంట వేడికి పూర్తిగా విడిపోయి ఆక్సిజన్ ఇస్తుంది.

పెట్రోలుకు బదులు లెక్క సులువు కోసం ఆక్టేన్ తీసుకుందాం. ఒక ఆక్టేన్ అణువు పూర్తిగా మండటానికి 25 నైట్రస్ అణువులు కావాలి. ఆక్టేన్ అణుభారం 114. కాబట్టి 114 గ్రాముల ఆక్టేన్‌కు 25 × 44 = 1100 గ్రాముల నైట్రస్. అంటే కిలో నైట్రస్ లోపలికి పంపితే, దానితోపాటు సుమారు 104 గ్రాముల పెట్రోలు అదనంగా పంపి తీరాలి.

ఆ పెట్రోలు పంపకుండా నైట్రస్ మాత్రమే పంపితే? కొలిమిలో బొగ్గు వేయకుండా తిత్తి మాత్రం ఊదుతూ పోతే కర్రే మాడిపోతుంది. ఇంజన్‌లోనూ అంతే. ఆక్సిజన్ ఎక్కువై, పెట్రోలు తక్కువైతే వేడి విపరీతంగా పెరుగుతుంది. టకటకమనే నాకింగ్ మొదలవుతుంది. స్పార్క్ ప్లగ్ మొన కరుగుతుంది, పిస్టన్‌కు రంధ్రం పడుతుంది. దీనికి కొన్ని సెకన్లు చాలు.

కాబట్టి తడి, పొడి అనే తేడా అంతా ఒక్క ప్రశ్నలో ఉంది: ఆ అదనపు పెట్రోలు ఏ దారిలో వస్తుంది?

తడి పద్ధతి

ఇందులో నైట్రస్, పెట్రోలు రెండూ ఒకే నాజిల్ దగ్గర కలిసి తుంపరలుగా గాలి గొట్టంలో పడతాయి. అందుకే 'తడి' అన్నారు. రెండింటికీ వేర్వేరు సోలెనాయిడ్ వాల్వులు, వేర్వేరు జెట్లు ఉంటాయి. ఏ జెట్‌కు ఏ జెట్ జత అనేది కిట్టు తయారీదారు ముందే లెక్క కట్టి ఇస్తాడు. బండి సొంత ఇంజెక్టర్ల మీద అదనపు భారం పడదు.

లోపం ఏమిటంటే, ఇంజెక్షన్ ఇంజన్లలో మ్యానిఫోల్డ్‌ను గాలి పోవడానికే తయారు చేస్తారు. దాని వంకర మలుపుల్లో పెట్రోలు తుంపర గాలితో సమానంగా తిరగలేదు. కొంత గోడలకు అంటుకుంటుంది, కొంత అడుగున మడుగు కడుతుంది. ఒక సిలిండర్‌కు ఎక్కువ, మరొకదానికి తక్కువ అందుతుంది. ఆ మడుగుకు వెనక్కి నిప్పు తగిలితే మ్యానిఫోల్డ్ పేలిపోవచ్చు. ఇప్పటి కార్లలో చాలావాటికి అది ప్లాస్టిక్‌దే.

పొడి పద్ధతి

ఇందులో గాలి గొట్టంలోకి నైట్రస్ ఒక్కటే పోతుంది. అదనపు పెట్రోలును బండి సొంత ఇంజెక్టర్లే ఇవ్వాలి. పాత కిట్లలో పెట్రోలు లైన్ ప్రెషర్ పెంచి ఈ పని చేసేవారు. తర్వాత ఇంజన్ కంప్యూటర్, అంటే ఈసీయూలోని లెక్కలు మార్చి ఇంజెక్టర్ ఎక్కువసేపు తెరుచుకునేలా చేయడం మొదలుపెట్టారు. మ్యానిఫోల్డ్‌లో మడుగు కట్టే భయం లేదు. ప్రతి సిలిండర్‌కు దాని వాటా దాని ద్వారం దగ్గరే అందుతుంది.

లోపం: ఇంజెక్టర్లకు, పెట్రోలు పంపుకు ఒక హద్దు ఉంది. చిన్న కార్లకు కంపెనీవాళ్ళు అవసరానికి మించి పెద్దవి పెట్టరు. ఆ హద్దు దాటితే నైట్రస్ వస్తూనే ఉంటుంది, పెట్రోలు మాత్రం రాదు. ఫలితం పైన చెప్పినదే.

ఏ కారుకు ఏది?

1. కార్బురేటర్ ఉన్న పాత బండి (మొదటి తరాల 796 సీసీ మారుతి 800 వంటిది) అయితే పొడి పద్ధతి కుదరదు. అక్కడ ఇంజెక్టర్లే లేవు. దాని మ్యానిఫోల్డ్ పెట్రోలు తడికి అలవాటు పడినదే కాబట్టి తడి పద్ధతే సరి.
2. ఇంజెక్షన్ బండికి కొద్దిపాటి బలం చాలనుకుంటే పొడి పద్ధతి మేలు. అయితే ఈసీయూ లెక్క తెలిసినవాడే చేయాలి.
3. ఇంజెక్టర్ల హద్దు దాటేంత బలం కావాలంటే తడి పద్ధతి, లేదా ప్రతి సిలిండర్‌కు విడిగా నాజిల్ పెట్టే పద్ధతి. అది రేసు బండ్ల సంగతి, రోడ్డు బండ్లది కాదు.
4. ఏ పద్ధతైనా యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడే పనిచేసే స్విచ్, పెట్రోలు ప్రెషర్ పడిపోగానే నైట్రస్‌ను ఆపే స్విచ్ తప్పనిసరి.

డీజిల్ జీపుల్లో గాలి ఎప్పుడూ అవసరానికి మించే ఉంటుంది. వాటి సంగతి వేరు, ఈ లెక్క వాటికి పనికిరాదు.

మన ఎండ సంగతి

మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. సిలిండర్‌లో నైట్రస్ ఒత్తిడి వల్ల ద్రవంగా ఉంటుంది. 20 డిగ్రీల దగ్గర ఆ ఒత్తిడి సుమారు 50 బార్లు, 30 డిగ్రీల దగ్గర సుమారు 63 బార్లు. జెట్ల లెక్కలు సాధారణంగా ఈ రెండో ఒత్తిడికి దగ్గరగా కడతారు. 36.4 డిగ్రీలు దాటితే ఎంత ఒత్తిడి పెట్టినా నైట్రస్ ద్రవంగా నిలవదు. దీన్నే సందిగ్ధ ఉష్ణోగ్రత అంటారు. ఆక్సిజన్ శాతమూ 36.4, ఈ ఉష్ణోగ్రతా 36.4. పరీక్షకు గుర్తు పెట్టుకోవడం సులువు.

ఇప్పుడు ఆలోచించండి. ఏప్రిల్, మే నెలల్లో మహబూబ్‌నగర్, నల్గొండ ప్రాంతాల్లో ఎండ 40 డిగ్రీలు దాటడం కొత్త కాదు. మూసిన డిక్కీలో ఇంకా ఎక్కువ. సిలిండర్ ఒత్తిడి మారుతుంది, జెట్‌లోంచి పోయే నైట్రస్ బరువు మారుతుంది. తడి కిట్టులోని పెట్రోలు జెట్‌కు ఆ సంగతి తెలియదు. పొడి కిట్టులో ఈసీయూకు చెప్పకపోతే దానికీ తెలియదు. మన వేసవిలో రెండింటి లెక్కా తప్పుతుంది. సిలిండర్ మరీ వేడెక్కితే రక్షణ బిళ్ళ పగిలి గ్యాసంతా బయటకు చిమ్ముతుంది.

మన రోడ్డు, మన చట్టం

నైట్రస్ పనిచేసేది తిన్నని దారిలో, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఉంచిన కొద్ది సెకన్లు. మన్ననూరు నుంచి దోమలపెంట దాకా శ్రీశైలం రోడ్డు అలాంటిదా? అది పులుల అభయారణ్యం. మలుపు తిరిగితే దుప్పి అడ్డం వస్తుంది. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా గేటే మూసేస్తారు.

చట్టం కూడా స్పష్టంగా ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు నిర్ణయించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ పరిహారం నిరాకరించే అవకాశం ఉంది. మన సీనియర్లలో అప్పు మీద కారు తీసుకుని కిరాయికి నడుపుతూ ఇల్లు గడుపుతున్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళకు పిస్టన్ కరగడం అంటే ఇంజన్ పోవడం ఒక్కటే కాదు. బండి షెడ్డులో ఉన్నా నెల నెలా కిస్తీ ఆగదు.

కాబట్టి నా జవాబు ఇది. కాగితం మీద అడిగితే కార్బురేటర్‌కు తడి, ఇంజెక్షన్‌కు పొడి. మన రోడ్డు మీద తిరిగే కారుకు అడిగితే రెండూ వద్దు. నిజంగా ఆసక్తి ఉన్నవాళ్ళు ఐటీఐలో మోటార్ మెకానిక్, పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ చదవండి. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో రేసు ట్రాక్ ఉంది. అక్కడ బండ్లను సిద్ధం చేసేవాళ్ళు కూడా ఈ లెక్కలే వేస్తారు. ఆ పని మీరూ చేయగలరు.

చివరగా మీకొక లెక్క: అర కిలో నైట్రస్ పంపితే ఎన్ని గ్రాముల ఆక్టేన్ అదనంగా కావాలి? ఇంజెక్టర్లు 40 గ్రాములే ఇవ్వగలిగితే ఏమవుతుంది? నోట్‌బుక్‌లో చేసి మీ సైన్సు సారుకు చూపించండి.