మూగజీవాల ఆశ్రయం.. ఊరికంతటికీ సేవ

వానలు ముఖం చాటేసిన ఏడాది రాప్తాడు పల్లెల్లో రైతు మొదట వెతికేది మేత. వేరుశనగ ఎండితే కాయలే కాదు, కట్టె కూడా దక్కదు. ఎద్దులకు, ఎనుములకు ఆ కట్టే ప్రధాన మేత. అది లేనప్పుడు పశువు సంతకు, అక్కడి నుంచి కబేళాకు చేరుతుంది. మళ్లీ వాన కురిసే నాటికి దున్నడానికి ఎద్దు ఉండదు, అమ్ముకోవడానికి పాలు ఉండవు. ఇలాంటి సీమలో జంతు సంరక్షణ కేంద్రం చేసే పని ప్రజారోగ్యానికీ, జీవనోపాధికీ, కరవు నివారణకూ సంబంధించినది. రాజ్యాంగం, పర్యావరణం, చరిత్ర, వర్తమాన వ్యవహారాలు అన్నీ కలిసే అంశం కాబట్టి ఏపీపీఎస్సీ గ్రూప్-1, గ్రూప్-2 అభ్యర్థులు దీన్ని సమగ్రంగా చదవాలి.

రాప్తాడు నేపథ్యం

రాప్తాడు అనంతపురం నగరానికి దక్షిణంగా 44వ జాతీయ రహదారిపై ఉన్న మండల కేంద్రం. జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. దేశంలో అత్యల్ప వర్షపాతం నమోదయ్యే ప్రాంతాల్లో ఇదొకటి. ఎర్రనేలలు, వర్షాధార వేరుశనగ, గొర్రెలు, మేకలు ఇక్కడి బతుకుకు ఆధారం. 2019 నాటి 20వ పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో తెలంగాణ దేశంలో మొదటి స్థానంలో, ఆంధ్రప్రదేశ్ రెండో స్థానంలో ఉన్నాయి. రాష్ట్రంలో జీవాలు ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో అనంతపురం ముందు వరుసలో నిలుస్తుంది.

2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగింది. రాప్తాడు మండలం అనంతపురం జిల్లాలోనే కొనసాగగా, పుట్టపర్తి కేంద్రంగా శ్రీసత్యసాయి జిల్లా ఏర్పడింది. ఈ ప్రాంతంలో జంతు సంరక్షణకు పేరున్న సంస్థ ‘కరుణ సొసైటీ’ కూడా పుట్టపర్తిలోనే ఉంది.

ఎర్రగుడి నుంచి ఎస్‌పీసీఏ వరకు

జంతువులకు వైద్యం చేయడం పాలకుల బాధ్యత అన్న ఆలోచనకు మన ప్రాంతంలోనే శిలాసాక్ష్యం ఉంది. అనంతపురం జిల్లా గుత్తికి సమీపంలో, కర్నూలు జిల్లా పరిధిలోని ఎర్రగుడిలో అశోకుని 14 ప్రధాన శిలాశాసనాలు ఉన్నాయి. వీటిలో రెండోది మనుషులకూ పశువులకూ వైద్య ఏర్పాట్లు చేయడం, ఔషధ మొక్కలు నాటించడం, బావులు తవ్వించడం గురించి చెబుతుంది. మనిషి ఆరోగ్యాన్ని, పశువు ఆరోగ్యాన్ని ఒకే చోట ప్రస్తావించడం ఈ శాసనం ప్రత్యేకత. నేటి ‘వన్ హెల్త్’ భావనకు మూలం గురించి రాసేటప్పుడు దీన్ని ఉదాహరించవచ్చు.

ఆధునిక కాలంలో ముఖ్యమైన మైలురాళ్లు:

- 1824: జంతువులపై క్రూరత్వ నివారణకు లండన్‌లో సంఘం ఏర్పాటు. తర్వాతి కాలంలో అదే ఆర్‌ఎస్‌పీసీఏ అయింది.
- 1834: బొంబాయిలో పింజ్రాపోల్ స్థాపన. పని చేయలేని, వదిలేసిన పశువులకు ఇది ఆశ్రయం.
- 1861: కలకత్తాలో ఎస్‌పీసీఏ (జంతువులపై క్రూరత్వ నివారణ సంఘం) ప్రారంభం.
- 1959: చెన్నైలో బ్లూ క్రాస్ ఆఫ్ ఇండియా ఏర్పాటు.
- 1992: బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్ స్థాపన.
- 1996: విశాఖ ఎస్‌పీసీఏ ప్రారంభం.
- 2000: పుట్టపర్తిలో కరుణ సొసైటీ ఏర్పాటు.

వ్యవస్థల మధ్య తేడాలు

పరీక్షల్లో ఈ వ్యవస్థలను ఒకదానితో ఒకటి కలిపి అభ్యర్థులు పొరబడుతుంటారు.

బందెలదొడ్డి: పంట మేసిన పశువును కట్టేసి, జరిమానా కట్టాకే యజమానికి అప్పగించే చోటు. దీనికి ఆధారం 1871 నాటి పశువుల అతిక్రమణ చట్టం. పంటను కాపాడటమే దీని ఉద్దేశం.

గోశాల, పింజ్రాపోల్: ముసలి, వట్టిపోయిన, వదిలేసిన పశువుల పోషణ వీటి ప్రధాన విధి.

ఎస్‌పీసీఏ: 2001 నిబంధనల ప్రకారం ప్రతి జిల్లాలో ఉండాల్సిన సంఘం. దీనికి ఆశ్రయం, చికిత్సాలయం ఉండాలి. పూర్తికాల పశువైద్యుడిని నియమించాలి.

జంతు సంరక్షణ కేంద్రం: రక్షణ, చికిత్స, సంతాన నియంత్రణ, టీకాలు, దత్తత, అవగాహన.. అన్నీ కలిపి చేసే సంస్థ. స్వచ్ఛంద సంస్థలు ఎక్కువగా ఈ తరహాలోనే పనిచేస్తున్నాయి.

కరుణ సొసైటీ: మన ప్రాంత ఉదాహరణ

నెదర్లాండ్స్‌కు చెందిన క్లెమెంటీన్ పావ్స్ 2000లో ‘కరుణ సొసైటీ ఫర్ యానిమల్స్ అండ్ నేచర్’ను స్థాపించారు. ఆవులు, ఎద్దులు, కుక్కలు, గాడిదలతో పాటు గాయపడిన జింకల వంటి వన్యప్రాణులకూ ఇక్కడ ఆశ్రయం దొరుకుతుంది. స్థానికంగా చేసిన చికిత్సల నుంచి దేశమంతటికీ సంబంధించిన ప్రశ్న లేవనెత్తడం ఈ సంస్థ ప్రత్యేకత.

వీధుల్లో తిరిగే ఆవులు చెత్తకుప్పల్లోని ఆహారాన్ని ప్లాస్టిక్ సంచులతో సహా మింగుతాయి. ప్లాస్టిక్ జీర్ణం కాదు, బయటకూ పోదు. పశువు మొదటి పొట్ట అయిన రూమెన్‌లో ముద్దగా పేరుకుపోతుంది. కడుపు నిండినట్లే ఉండటంతో పశువు మేత మానేసి క్రమంగా చిక్కిపోతుంది. రూమినాటమీ శస్త్రచికిత్సతో పొట్ట తెరిచి దాన్ని తొలగించాలి. ఇలాంటి ఆవుల నుంచి పదుల కిలోల ప్లాస్టిక్ బయటపడిన తీరును ‘ది ప్లాస్టిక్ కౌ’ డాక్యుమెంటరీ చూపించింది.

ఈ సమస్యపై కరుణ సొసైటీ 2012లో సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేసింది. ప్లాస్టిక్ సంచులను అదుపు చేయకపోతే వచ్చే తరానికి అణుబాంబు కన్నా పెద్ద ముప్పు తప్పదన్న భావాన్ని విచారణ సందర్భంగా ధర్మాసనం వ్యక్తం చేసింది. తర్వాతి కాలంలో దేశంలో ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు, 2016 వచ్చాయి. 2022 జులై 1 నుంచి గుర్తించిన ఏకవినియోగ ప్లాస్టిక్ వస్తువులపై నిషేధం అమల్లోకి వచ్చింది. అదే ఏడాది డిసెంబరు 31 నుంచి ప్లాస్టిక్ సంచుల కనీస మందం 120 మైక్రాన్లుగా నిర్ణయించారు.

సమాజానికి అందే సేవలు

*1. రేబిస్ నివారణ:* సంరక్షణ కేంద్రం ప్రజారోగ్యానికి చేసే అతిపెద్ద మేలు ఇదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ప్రపంచంలో ఏటా సుమారు 59 వేల మంది రేబిస్‌తో మరణిస్తున్నారు. వారిలో మూడో వంతు పైగా భారతీయులే. లక్షణాలు బయటపడ్డాక ఈ వ్యాధి దాదాపుగా ప్రాణాంతకం. అయితే ముందుగా నివారించడం పూర్తిగా సాధ్యం. ఒక ప్రాంతంలోని కుక్కల్లో కనీసం 70 శాతానికి టీకా వేస్తే వైరస్ వ్యాప్తి గొలుసు తెగుతుంది. అందుకే సంరక్షణ కేంద్రాలు వీధికుక్కలకు సంతాన నిరోధక శస్త్రచికిత్స, రేబిస్ టీకా రెండూ ఒకేసారి చేస్తాయి. చెవి కొనపై చిన్న గాటు పెట్టి, తెచ్చిన చోటే వదులుతాయి. టీకా పొందిన కుక్క ఆ వీధిలో ఉంటే టీకా లేని కొత్త కుక్కలు ఆ చోటును ఆక్రమించే అవకాశం తగ్గుతుంది.

కుక్క కరిస్తే గాయాన్ని వెంటనే సబ్బు, ధారగా పారే నీళ్లతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, ఆకు పసర్లు పూయకూడదు. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో టీకా వేస్తారు. లోతైన గాయాలకు ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా అవసరం.

*2. పేద పెంపకందారులకు వైద్యం:* గాలికుంటు, చిటుకు రోగం, నీలినాలుక వంటి వ్యాధులు ఒకసారి మందలో చేరితే కాపరి కుటుంబం ఆదాయమంతా పోతుంది. వైద్య శిబిరాలు, టీకాలు, నట్టల నివారణ మందు తాగించడం ఆ నష్టాన్ని ముందే ఆపుతాయి. బ్రూసెల్లోసిస్, ఆంత్రాక్స్ వంటివి మనుషులకూ సోకుతాయి కాబట్టి పశువుకు చేసే వైద్యం కాపరికీ రక్షణే.

*3. కరవు కాలంలో ఆసరా:* పశుగ్రాస శిబిరాలు, నీటి తొట్లు పశువును ఊళ్లోనే నిలబెడతాయి. రైతు తన ఎద్దులను అయినకాడికి అమ్ముకోవాల్సిన అగత్యం తప్పుతుంది. కరవు తర్వాత మళ్లీ కొనాలంటే అదే ఎద్దుకు కొన్ని రెట్లు ఎక్కువ ధర చెల్లించాలి. అందువల్ల మేత మీద పెట్టే ఖర్చు కుటుంబాన్ని అప్పుల నుంచి కాపాడే పెట్టుబడి.

*4. రహదారి భద్రత:* 44వ జాతీయ రహదారి వంటి మార్గాల్లో రాత్రిపూట రోడ్డుపై పడుకున్న పశువులు వాహనదారుల ప్రాణాలకూ ముప్పే. గాయపడిన జంతువులను తరలించడం, యజమానులు లేని పశువులకు చోటు చూపడం వల్ల ప్రమాదాలు తగ్గుతాయి.

*5. చట్టం అమలులో సహకారం:* అక్రమ రవాణాలో పట్టుబడిన పశువులను కేసు తేలేవరకు ఎవరో ఒకరు పోషించాలి. 2017 నాటి కేసు ఆస్తి జంతువుల సంరక్షణ నిబంధనలు ఈ బాధ్యతను ఎస్‌పీసీఏలు, పింజ్రాపోళ్లు, గోశాలలు, జంతు సంక్షేమ సంస్థలకు అప్పగించే వీలు కల్పించాయి.

*6. దత్తత, విద్య:* నాటు కుక్కపిల్లలను దత్తతకివ్వడం, పాఠశాలల్లో జంతువుల పట్ల కరుణ, కుక్కకాటు జాగ్రత్తలు నేర్పడం ఈ కేంద్రాల నిత్య కార్యక్రమాల్లో భాగం.

రాజ్యాంగం, చట్టాలు

- అధికరణ 48: వ్యవసాయం, పశుపోషణను శాస్త్రీయంగా వ్యవస్థీకరించడం.
- అధికరణ 48-ఎ: పర్యావరణం, వన్యప్రాణుల రక్షణ.
- అధికరణ 51-ఎ(జి): సమస్త జీవరాశుల పట్ల కరుణ చూపడం పౌరుల ప్రాథమిక విధి. 48-ఎ, 51-ఎ రెండూ 1976లో 42వ సవరణ ద్వారా చేరాయి.
- ఏడో షెడ్యూలు: జంతువులపై క్రూరత్వ నివారణ ఉమ్మడి జాబితాలో 17వ అంశం. పశువైద్యం, పశువ్యాధుల నివారణ రాష్ట్ర జాబితాలో 15వ అంశం.
- 11వ షెడ్యూలు: పశుపోషణ, పాడి, కోళ్ల పెంపకం 4వ అంశం.
- 12వ షెడ్యూలు: బందెలదొడ్లు, జంతువులపై క్రూరత్వ నివారణ 15వ అంశం.

క్రూరత్వ నివారణకు ప్రధాన చట్టం 1960 నాటిది. ఈ అంశంపై తొలుత రాజ్యసభలో ప్రైవేటు బిల్లు తెచ్చింది ప్రసిద్ధ నర్తకి రుక్మిణీదేవి అరుండేల్. చట్టంలోని 4వ సెక్షన్ కింద 1962లో భారత జంతు సంక్షేమ బోర్డు ఏర్పడింది. ఆమే దాని తొలి అధ్యక్షురాలు. చెన్నైలో ఉన్న బోర్డు ప్రధాన కార్యాలయం 2018లో హరియాణాలోని బల్లభ్‌గఢ్‌కు మారింది.

ఈ చట్టం 11వ సెక్షన్ కింద మొదటి నేరానికి జరిమానా 10 నుంచి 50 రూపాయలు మాత్రమే. ఆరు దశాబ్దాలు దాటినా ఇది మారకపోవడం పెద్ద లోపం. భారతీయ న్యాయ సంహితలోని 325వ సెక్షన్ మాత్రం జంతువును చంపినా, అంగవైకల్యం కలిగించినా ఐదేళ్ల వరకు జైలుశిక్షకు వీలు కల్పిస్తోంది.

జంతు జనన నియంత్రణ నిబంధనలు 2001లో వచ్చాయి. వాటి స్థానంలో 2023 మార్చిలో కొత్త నిబంధనలు అమల్లోకి వచ్చాయి. వీధికుక్కల నియంత్రణ బాధ్యత స్థానిక సంస్థలదే. జంతు సంక్షేమ బోర్డు గుర్తించిన సంస్థలే శస్త్రచికిత్సలు చేపట్టాలి.

ముఖ్యమైన తీర్పులు

2014 మే 7: ఏ.నాగరాజ (జల్లికట్టు) కేసు. జంతువుల ఐదు స్వేచ్ఛలను సుప్రీంకోర్టు గుర్తించింది. జల్లికట్టుపై 2023 మే 18న రాజ్యాంగ ధర్మాసనం తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర సవరణ చట్టాలను సమర్థించింది.

2025 ఆగస్టు 22: శస్త్రచికిత్స, టీకా పూర్తయిన కుక్కలను తెచ్చిన చోటే వదలాలని, రేబిస్ సోకినవి, దూకుడుగా ఉన్నవి మినహాయింపని సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

2025 నవంబరు 7: విద్యాసంస్థలు, ఆస్పత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్ల నుంచి వీధికుక్కలను తొలగించి ఆశ్రయాలకు తరలించాలని, జాతీయ రహదారులపై తిరిగే పశువులను తీసి గోశాలల వంటి చోట్ల ఉంచాలని ఆదేశించింది. దీంతో ఆశ్రయాల అవసరం ఒక్కసారిగా పెరిగింది.

ప్రభుత్వ సేవలతో అనుబంధం

ఆంధ్రప్రదేశ్‌లో సంచార పశు ఆరోగ్య సేవా వాహనాలు 2022 మే 19న నియోజకవర్గానికి ఒకటి చొప్పున 175తో మొదలయ్యాయి. టోల్‌ఫ్రీ నంబరు 1962. ఉపాధి హామీ నిధులతో నిర్మించిన 12,500 గోకులం షెడ్లను 2025 జనవరిలో ప్రారంభించారు. 2019లో మొదలైన జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమం గాలికుంటు, బ్రూసెల్లోసిస్‌లను లక్ష్యంగా చేసుకుంది. కుక్కల ద్వారా వచ్చే రేబిస్‌ను 2030 నాటికి నిర్మూలించేందుకు జాతీయ కార్యాచరణ ప్రణాళిక 2021లో వచ్చింది.

మాదిరి ప్రశ్నలు

1. పశువులకు వైద్య ఏర్పాట్ల గురించి చెప్పే అశోకుని శాసనం? – రెండో ప్రధాన శిలాశాసనం
2. ప్రపంచ రేబిస్ దినం? – సెప్టెంబరు 28 (లూయీ పాశ్చర్ వర్ధంతి)
3. జంతువులపై క్రూరత్వ నివారణ రాజ్యాంగంలోని ఏ జాబితాలో ఉంది? – ఉమ్మడి జాబితా
4. భారత జంతు సంక్షేమ బోర్డు తొలి అధ్యక్షురాలు? – రుక్మిణీదేవి అరుండేల్
5. బందెలదొడ్లు ఏ షెడ్యూలులో ఉన్నాయి? – 12వ షెడ్యూలు

మెయిన్స్ ప్రశ్న: ‘కరవు ప్రాంతాల్లో జంతు సంరక్షణ కేంద్రాలు ప్రజాసేవా సంస్థలే.’ అనంతపురం ప్రాంత ఉదాహరణలతో చర్చించండి.

జవాబులో నేపథ్యం, సేవలు, చట్టపరమైన ఆధారం, లోపాలు, సూచనలు అనే వరుస పాటించాలి. లోపాల్లో నిధులు, పశువైద్యుల కొరత, వేసవిలో నీరు, నామమాత్రపు జరిమానాలను ప్రస్తావించాలి. సూచనల్లో ప్రతి జిల్లాలో పనిచేసే ఎస్‌పీసీఏ, పంచాయతీ స్థాయిలో మేత నిల్వ, ఏటా కుక్కల టీకా కార్యక్రమం తప్పనిసరిగా ఉండాలి.

మార్కుల కోసం చదివిన ఈ అంశం ఊళ్లో అక్కరకు రావాలి. గాయపడిన పశువు కనిపిస్తే 1962కు ఫోన్ చేయండి. మిగిలిన అన్నాన్ని ప్లాస్టిక్ సంచిలో కట్టి పారేయకండి. కుక్క కరిచినవారిని నాటువైద్యం జోలికి పోనివ్వకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి.