పుండు మానుతుంది, గడ్డ ఎందుకు ఆగదు?



మోకాలు చెక్కుకుపోతే కొద్ది రోజుల్లో కొత్త చర్మం వచ్చి పుండు పూడుతుంది. పూడిన తరువాత ఆ పెరుగుదల దానంతట అదే ఆగుతుంది. మరి క్యాన్సరు గడ్డ ఎందుకు ఆగదు? చాలామంది రోగులు మమ్మల్ని అడిగే ప్రశ్న ఇది.

చర్మంలోను, నోటి లోపలి పొరలోను ఉండే కణాన్ని గుడారంతో పోల్చవచ్చు. లోపల ఉండే సన్నని ప్రోటీను పోగులు గుంజలవలె, తాళ్ళవలె దానిని నిలబెడతాయి. పైపొరలోని అతుకు ప్రోటీనులు మేకులవలె దానిని అడుగు పొరకు, పక్క కణాలకు పట్టి ఉంచుతాయి. తాళ్ళు మేకులకు కట్టినట్లే ఈ పోగులు ఆ అతుకులతో కలిసి ఉంటాయి.

కణ విభజన ఈ పట్టును బట్టి నడుస్తుంది. అడుగున పట్టు దొరికి, పక్కన ఖాళీ ఉంటే కణం విస్తరిస్తుంది. అప్పుడు విభజనకు కబురు అందుతుంది. కణం గుండ్రంగా మారుతుంది. ఒక రకం పోగులు, ముందే నకలు తయారైన 46 క్రోమోజోములను విడదీసి చెరోవైపుకు లాగుతాయి. మరో రకం పోగులు సంచి మూతికి కట్టిన తాడువలె నడుమ బిగిసి కణాన్ని రెండు చేస్తాయి. పుండు పూడి కణాలు ఒకదానికొకటి తగిలినప్పుడు "ఇక చాలు" అనే కబురు అందుతుంది.

క్యాన్సరు కణాలు ఈ కబురును లెక్కచేయవు. పట్టు లేకున్నా, చోటు లేకున్నా విభజన చెందుతూనే ఉంటాయి. పొరుగు కణాలతో అతుకు సడలినవి ఇతర అవయవాలకు కూడా వ్యాపించగలవు.

బిళ్ళగన్నేరు మొక్క నుండి తీసే విన్‌క్రిస్టీన్ అనే మందు, క్రోమోజోములను లాగే పోగులు ఏర్పడకుండా చేసి విభజనను మధ్యలోనే ఆపుతుంది. రక్త క్యాన్సరు చికిత్సలో 1960ల నుండి దీనిని వాడుతున్నారు. నరాలలోనూ అవే పోగులు ఉన్నందున కాళ్ళు, చేతులు తిమ్మిరెక్కవచ్చు. అలా జరిగితే చికిత్స మానివేయకండి, డాక్టరుగారికి చెప్పండి. అవసరమైతే మోతాదు సరిచేస్తారు. ఇంట్లో బిళ్ళగన్నేరు ఆకులు నమలడం, కషాయం త్రాగడం మాత్రం ప్రమాదకరం.

నోటిలో పుండు గాని, తెల్లని లేక ఎర్రని మచ్చ గాని 2 వారాలు దాటినా మానకపోతే వెంటనే చూపించుకోండి. గుట్కా, పొగాకు, అడ్డపొగ అలవాటు ఉన్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. ప్రార్థన చేయండి, పరీక్షను వాయిదా వేయకండి. త్వరగా కనుగొంటే నయమయ్యే అవకాశం ఎక్కువ.