పెళ్లికానివాడికి వీలునామా ఎందుకు?

శీర్షిక చూసి నవ్వకండి. ఇరవై ఏళ్లవాడు వీలునామా గురించి రాయడమేమిటి, వీడికేం ఆస్తులున్నాయని మీరు అడగవచ్చు. ముందు మా ఇంట్లో జరిగిన సంగతి చెప్పి, ఆ తర్వాత చట్టం ఏమంటుందో నేను చదివి, అడిగి తెలుసుకున్నంత మేరకు వివరిస్తాను. నేను బి.ఎస్సీ. విద్యార్థిని, వకీలును కాను. కనుక ఇది పాఠమే గాని వకీలు సలహా కాదు.

మాది కదిరి పక్కన పల్లె. వాన పడితే చెనక్కాయ, పడకపోతే వలస. మా చిన్నాయన పెళ్లి చేసుకోలేదు. పద్నాలుగేండ్లు కువైట్‌లో డ్రైవరు పని చేసి, ఆ డబ్బుతో ఊర్లో మూడెకరాలు కొన్నాడు. తాను అక్కడున్నన్నాళ్లు భూమి పనులు చూడమని మా నాయనకు 'పవర్' రాసిచ్చినాడు. తిరిగొచ్చినాక మా అత్త ఇంట్లోనే ఉన్నాడు. అత్తకు భర్త లేడు. "ఈ భూమి అక్కకే" అని పండగకూ పబ్బానికీ అందరి ముందూ అనేవాడు. కాగితం మీద మాత్రం పెట్టలేదు. ఎప్పుడైనా ఆ ఊసెత్తితే, "నలభై ఆరేండ్లకే వీలునామా ఏందిరా, అశుభం" అని మా జేజి కసురుకునేది.

రెండేళ్ల కిందట చిన్నాయనకు మెదడులో రక్తనాళం చిట్లింది. బెంగుళూరులో ఒక ఆసుపత్రిలో పంతొమ్మిది రోజులు తెలివి లేకుండా పడి ఉన్నాడు. బ్యాంకులో ఆయన డబ్బు ఆయనకుంది. తీయాలంటే ఆయన సంతకం కావాలి. మా నాయన దగ్గరున్న పవర్ భూమి పనులకే గాని బ్యాంకుకు పనికిరాలేదు. నాయన మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి బిల్లు కట్టినాడు. చిన్నాయన పోయినాక ఆ అప్పు తీర్చడానికి పవర్ మీద ఎకరా అమ్ముదామని కదిరిలో దస్తావేజులు రాసే పెద్దమనిషి దగ్గరికి పోయినాడు. ఆయన కాగితం చదివి, మడిచి, నాయన చేతిలో పెట్టి, "ఇది మీ తమ్మునితోనే పోయింది కదన్నా" అన్నాడు.

ఆ మాటే ఈ వ్యాసానికి మూలం.

1. పవర్ ఆఫ్ అటార్నీ: "నా బదులు నువ్వు ఫలానా పని చేయవచ్చు" అని ఇచ్చే అధికార పత్రం ఇది. ఒక పనికి ఇస్తే స్పెషల్, అనేక పనులకు ఇస్తే జనరల్. దీనికి 1882 నాటి ప్రత్యేక చట్టం ఉన్నా, దీని ఆయుష్షు తెలిసేది 1872 కాంట్రాక్టు చట్టంలోని 201వ సెక్షనులో. ఇచ్చినవాడు చనిపోయినా, మతి తప్పినా అధికారం ఆగిపోతుంది. తీసుకున్నవాడికి ఆ ఆస్తిలో సొంత హక్కు ముడిపడి ఉన్న సందర్భాలు వేరు. అనగా మనిషికి అత్యంత అవసరమైన సమయంలోనే ఈ కాగితం చేతులెత్తేస్తుంది. ఇంగ్లండులో మతి తప్పినాక కూడా నిలిచే పవర్‌కు 2005 నాటి చట్టం వీలు కల్పించింది. మన దేశంలో అలాంటిది లేదు.

ఇంకో సంగతి. పవర్ రాయించుకున్నంత మాత్రాన భూమి కొన్నట్లు కాదని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. విదేశంలో ఉండి పంపేవారు అక్కడి భారత రాయబార కార్యాలయంలో గాని నోటరీ వద్ద గాని ధ్రువీకరించాలి. అది మన దేశం చేరిన మూడు నెలల లోపల ఇక్కడ స్టాంపు వేయించాలి. మన తాలూకా నుంచి గల్ఫు పోయిన ప్రతి ఇంటివారూ గుర్తుంచుకోవలసిన విషయమిది.

2. వీలునామా: ఇది పవర్‌కు సరిగ్గా తిరగేసింది. మనిషి ఉన్నంతకాలం నిద్రపోతుంది, పోయినాక లేస్తుంది. 18 ఏళ్లు నిండి, మతి సరిగా ఉన్న ఎవరైనా రాయవచ్చు. 1925 నాటి భారత వారసత్వ చట్టం 63వ సెక్షను ప్రకారం రాసినవారి సంతకమో వేలిముద్రో ఉండాలి. ఇద్దరు సాక్షులు, అది ఆయన చేయగా చూసిగాని, తనదేనని ఆయన నోట వినిగాని, ఆయన ఎదుటే తమ సంతకాలు పెట్టాలి. మన ప్రాక్టికల్ రికార్డు వంటిదే అనుకోండి. రీడింగులు ఎంత బాగా వచ్చినా సంతకం లేని రికార్డుకు మార్కులు లేవు గదా!

స్టాంపు పేపరు అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గాని, చేయిస్తే రేపు తగాదా వచ్చినప్పుడు బలం. ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. ఆస్తి పొందేవారిని సాక్షులుగా పెట్టకపోవడం మంచిది. హిందువులకు పెళ్లయినంత మాత్రాన పాత వీలునామా రద్దు కాదు. కాబట్టి బ్రహ్మచారిగా రాసినవాడు పెళ్లయ్యాక మళ్లీ రాసుకోవాలి. క్రైస్తవులకు మాత్రం పెళ్లితో పాతది రద్దవుతుంది. ముస్లిం మిత్రులకు, అప్పులూ అంత్యక్రియల ఖర్చూ పోగా మిగిలినదానిలో మూడో వంతుకు మించి వీలునామా చెల్లాలంటే వారసుల సమ్మతి కావాలి.

3. రాయకపోతే: 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం, పెళ్లికాని మగవాడి సొంత ఆస్తి మొత్తం తల్లికి పోతుంది. తండ్రి రెండో తరగతి వారసుడు. తల్లి ఉంటే ఆయనకు ఏమీ రాదు. ఈ ముక్క చెబితే మా హాస్టల్లో ఒక్కరూ నమ్మలేదు. పెళ్లికాని ఆడపిల్ల సొంత సంపాదనైతే తల్లికీ తండ్రికీ సమానంగా వస్తుంది. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఆ తర్వాతే. తెలుగువారందరికీ తెలిసిన నటి, తమిళనాడు ముఖ్యమంత్రి జయలలిత అవివాహిత. 2016 డిసెంబరు 5న ఆమె మరణించాక వీలునామా కనిపించలేదు. అన్న పిల్లలు దీప, దీపక్‌లను వారసులుగా మద్రాసు హైకోర్టు గుర్తించింది 2020 మే నెలలో. అంతటివారికే మూడున్నరేళ్లు పట్టింది.

4. నామినీ: బ్యాంకులో నామినీ పేరు రాస్తే సొమ్ము వారిదే అయిపోతుందని మనవాళ్ల నమ్మకం. నామినీ డబ్బు అందుకునే చేయి మాత్రమే, హక్కుదారు వారసుడే. బీమా విషయంలో సుప్రీంకోర్టు 1983లో చెప్పిన ఇదే మాట 2015 చట్ట సవరణ దాకా అందరు నామినీలకూ వర్తించింది.

5. తెలివి లేని రోజులకు: ఇద్దరిలో ఎవరైనా తీసుకునే షరతుతో జాయింటు ఖాతా ఒకటి ఉంటే, మా నాయనకు వడ్డీ అప్పు తప్పేది. ఇక కోలుకునే ఆశ లేనప్పుడు యంత్రాల మీద ఉంచాలా వద్దా అనేది ముందే రాసిపెట్టుకునే హక్కును సుప్రీంకోర్టు 2018లో గుర్తించింది. 2023లో ఆ పద్ధతిని సులభం చేసింది. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ ఆఫీసరు ధ్రువీకరణ ఉంటే చాలు.

మా ఇంటి సంగతికి వస్తాను. భూమి, బ్యాంకు డబ్బు రెండూ జేజికి వచ్చినాయి. డబ్బు చేతికి రావడానికి ఎనిమిది నెలలు పట్టింది. అప్పు తీరింది గాని, "కష్టం నాది, వడ్డీ నాది, భూమి మాత్రం దానిదా" అని నాయన అత్తతో మాట మానేసినాడు. జేజి ఏమీ రాయకుండా పోతే భూమి నాయనకూ అత్తకూ చెరి సగం. ఆ సంగతి నాయనకు తెలుసు, నాకూ తెలుసు.

ఈ ఏడు సంక్రాంతి పోయినాక, అశుభమన్న జేజే లేచి, "వాడు నోటితో చెప్పింది నేను కాగితం మీద పెడతా, పాండి" అంది. ఆమెను బండి మీద సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకు తీసుకుపోయింది మా నాయనే. దారి పొడుగునా మాట్లాడలేదు. సాక్షి ఎవరని అడిగితే, దస్తావేజుల పెద్దమనిషి నన్ను చూపించి, "పిల్లోడైతే మేలు, రేపు కోర్టుకు రావాలన్నా బతికుంటాడు" అన్నాడు. జేజి వేలిముద్ర వేసింది. నేను సంతకం పెట్టినాను. మా నాయనకు రావలసిన ఎకరన్నర ఆ సంతకంతో పోతుందని తెలిసే పెట్టినాను. బయటికొచ్చినాక నాయన టీ ఇప్పించి, "అత్తకు ఫోన్ చేసి చెప్పు" అన్నాడు.

మిత్రులారా, చదువు ముగించి మనలో చాలామంది బెంగుళూరుకో హైదరాబాదుకో పోతాం. ఒంటరిగా ఉంటాం. నాకున్నది స్కాలర్‌షిప్ ఖాతా, ఒక పాత బండి. వాటికీ ఒక తెల్లకాగితం రాసి, ఇద్దరు రూమ్మేట్ల చేత సంతకాలు పెట్టించి, పెట్టెలో దాచినాను. ఎక్కడుందో మా అమ్మకు చెప్పినాను. మీరూ రాయండి. ముందు మీ ఇంట్లో పెద్దవాళ్ల చేత రాయించండి.