ఉగ్రస్తంభానికి స్వామి పిలుపు ఎప్పుడు?

ప్రశ్న: మాది కడప. అహోబిలంలో ఉగ్రస్తంభం ఎక్కాలని ఎన్నాళ్ల నుంచో కోరిక. ఒకసారి వాన, ఇంకోసారి అమ్మ అనారోగ్యం అడ్డుపడ్డాయి. స్వామికి ఇష్టం లేదేమో! మళ్లీ బయల్దేరవచ్చా?

జవాబు: నిస్సంకోచంగా బయల్దేరండి. వాయిదా పడటం స్వామి కోపమని నేననుకోను. వానల్లో భవనాశిని నది పొంగి, జ్వాలా నరసింహస్వామి దారిలో బండల మీద కాలు నిలవదు. ఆ రోజు మిమ్మల్ని ఆపింది ఆయన దయేనని నా నమ్మకం. ఎండాకాలంలో మన సీమ బండ సంగతి మీకు చెప్పక్కర్లేదు. కార్తీకం నుంచి మాఘం దాకా అనువైన కాలం. మైదుకూరు, ఆళ్లగడ్డ మీదుగా ముందురోజే దిగువ అహోబిలం చేరండి. అక్కడికి 8 కిలోమీటర్ల దూరంలోని ఎగువ అహోబిలం నుంచి తెల్లవారగానే నడక మొదలుపెట్టండి. దారి తెలిసినవాళ్లు వెంట ఉండాల్సిందే. స్తంభం దగ్గర చోటు ఇరుకు. గాలి బలంగా ఉంటే కిందనుంచే దండం పెట్టుకుని దిగిరండి.

అమ్మగారిని వదిలి వెళ్లడానికి మనసొప్పకపోతే ఆగండి, తప్పులేదు. కనుమనాడు మొదలయ్యే పారువేట ఉత్సవంలో స్వామే పల్లకిలో ఊరూరా తిరుగుతాడు, తన పెళ్లికి జనాన్ని పిలవడానికి. ఆ ఊళ్లలో ఏదో ఒకచోట అమ్మకు దర్శనం చేయించండి. ఆమె కోలుకున్నాక కొండ ఎక్కుదురుగాని.